యుద్ధం బొమ్మ వేయడానికి ఓడెక్కి తిరిగిరాని చిత్రకారుడు: ఇప్పోలితో కాఫ్ఫి గురించి ఎవరికైనా తెలుసా?

మెస్త్రే_మైక్రాన్ అడిగారు:

అందరికీ నమస్కారం. నేను చిత్రకళ తెలిసినవాణ్ణి కాదు. వెనిస్ పక్కన మార్గేరాలో ఓడలు కట్టే యార్డులో రంగుల ఇన్‌స్పెక్టర్‌ని. ఓడకి వేసిన రంగు ఎన్ని మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉందో గేజీ పెట్టి కొలవడం, బుడగలో పెచ్చులో కనబడితే సుద్దముక్కతో గుండ్రంగా చుట్టి మళ్ళీ వేయించడం, అదీ నా ఉద్యోగం. ఉండేది మెస్త్రేలో. సెలవురోజు సైకిలేసుకుని ఫోర్తె మార్గేరాకి వెళ్తుంటాను. నక్షత్రం ఆకారంలో కట్టిన పాత కోట, చుట్టూ నీళ్ళ కందకం. ఇప్పుడు జనం షికారుకొస్తారు, పిల్లలు ఆడుకుంటారు.

మొన్న వాన తగ్గేదాకా ఇక్కడి లైబ్రరీలో కూర్చుని ఒక ఎగ్జిబిషన్ క్యాటలాగు తిరగేస్తుంటే అదే కోట పేరు కనబడింది. రాత్రిపూట బొమ్మ. చీకటి ఆకాశంలో వంపు తిరిగిన నిప్పుగీతలు, పొగ, నీళ్ళ మీద ఎర్రటి వెలుగు. ముందు దీపావళి అనుకున్నా. పేరు చదివితే 1849 మే 24 రాత్రి మార్గేరా మీద ఫిరంగుల దాడి. వేసినాయన ఇప్పోలితో కాఫ్ఫి. (పేరు చూసి నవ్వకండి, మీ బదులు నేను నవ్వేశాను.)

వెనక పేజీల్లో ఆయన జీవితం ఉంది. నా ఇటాలియన్ యార్డులో నేర్చుకున్న ఇటాలియన్. తిట్లు, కొలతలు, భోజనం, అంతవరకే. అయినా కూడబలుక్కుని చదివితే తేలింది ఇది: 1866లో నౌకాయుద్ధం బొమ్మ వేద్దామని ఇటలీ యుద్ధనౌక ఎక్కాడు, ఆ ఓడ మునిగిపోయింది, ఆయనా పోయాడు. అప్పటికి 56 ఏళ్ళు.

అప్పటినుంచి బుర్రలో అదే తిరుగుతోంది. పేరొచ్చి, ప్రపంచం చూసి, ఇంట్లో హాయిగా కూర్చుని బొమ్మలు వేసుకోగల మనిషి ఆ వయసులో అక్కడికెందుకు వెళ్ళాడు? మిలిటరీవాళ్ళు బయటివాణ్ణి అలా ఎక్కనిచ్చేవాళ్ళా? ఇంకో సంగతి, ఈయన్ని సముద్రాల చిత్రకారుడు అనొచ్చా? క్యాటలాగులో రోమ్ వీధులు, ఈజిప్టు ఎడారి కూడా ఉన్నాయి మరి. తెలిసినవాళ్ళు నాలుగు ముక్కలు చెప్పండి.

---

చిత్తరువు:

మంచి మనిషిని పట్టుకున్నారు. సముద్రాల చిత్రకారుడు అని గీత గీసి చెప్పలేం. ఊళ్ళ దృశ్యాలు వేసేవాళ్ళని అక్కడ వెదూతిస్తా అంటారు, కాఫ్ఫి ఆ కోవలోవాడు. పద్దెనిమిదో శతాబ్దపు వెనిస్ చిత్రకారుడు కానాలెత్తో తర్వాత వెనిస్‌ని అంత శ్రద్ధగా చూసినవాడు అని ఈయనకి పేరు.

పుట్టింది 1809లో, బెల్లూనోలో. కొండల ఊరు, సముద్రం కనబడదు. వెనిస్ అకాడెమీలో చదివి 1832లో రోమ్ వెళ్ళాడు. 1835లో పెర్‌స్పెక్టివ్ మీద, అంటే బొమ్మలో దూరం, దగ్గర తేడా చూపించే పద్ధతి మీద, పాఠాల పుస్తకం కూడా అచ్చేశాడు, అంటే కొలతలో గట్టివాడు. మైక్రాన్ గారికి నచ్చే మనిషి అన్నమాట.

కానీ ఆయన్ని గుర్తుపెట్టుకోవాల్సింది కొలతలకి కాదు. ఆయనకి వెలుగు పిచ్చి, అందులోనూ మామూలు వెలుగు పనికిరాదు. రోమ్‌లో కార్నివాల్ ఆఖరి రాత్రి కోర్సో వీధి నిండా జనం చేతుల్లో చిన్న కొవ్వొత్తులు పట్టుకుని ఒకళ్ళ దీపం ఒకళ్ళు ఆర్పేసే ఆట ఒకటి ఉండేది. ఆ బొమ్మ ఎంత పేరు తెచ్చిందంటే అడిగినవాళ్ళకల్లా మళ్ళీ మళ్ళీ అదే వేయాల్సొచ్చింది. కొలోసియం లోపల మతాబులు వెలిగిస్తే అదో బొమ్మ. 1842 జులై 8న ఉత్తర ఇటలీ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఈయన వెనిస్‌లో ఫొందమెంతె నోవె గట్టు మీద ఆ గ్రహణాన్ని బొమ్మ చేశాడు. అదే ఏడాది గ్రాండ్ కెనాల్ మీద మంచు, పొగమంచు బొమ్మ. దగ్గర గోండోలాల మీద తెల్లటి మంచు, దూరంగా సలూతె చర్చి గుమ్మటాలు ఉన్నాయా లేవా అన్నట్టు. నన్నడిగితే ఆయన మొత్తం పనిలో అదే గొప్పది. కొవ్వొత్తుల బొమ్మ ముందు నిలబడి ఆహా అంటాం. దీని ముందు నోరు పెగలదు.

1843లో తూర్పు దేశాలకి బయల్దేరాడు: ఏథెన్స్, కాన్‌స్టాంటినోపుల్, జెరూసలేం, ఈజిప్టు. మీరు చూసిన ఎడారి బొమ్మలు ఆ ప్రయాణంలోవి. 1847లో రోమ్‌లో బెలూన్ ఎక్కి ఆ బొమ్మ కూడా వేశాడు.

ఇప్పుడు మీ మార్గేరా. అప్పట్లో వెనిస్ ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది, 1848లో తిరగబడింది. కాఫ్ఫి బ్రష్షు పక్కన పెట్టి వెనిస్‌కి ఈశాన్యాన ఉన్న ఫ్రియూలీలో తుపాకీ పట్టాడు, ఆస్ట్రియావాళ్ళకి దొరికాడు, తప్పించుకుని వెనిస్ చేరాడు. 1849 మే నెలాఖరుకి మార్గేరా కోట పడిపోయింది. అందులోవాళ్ళు రైలు వంతెన మీదుగా వెనక్కి తగ్గుతూ దాని కమానులు కొన్ని పేల్చేశారు. ఆ వంతెన తెరిచి అప్పటికి నిండా నాలుగేళ్ళు కాలేదు, 1846 జనవరిలో తెరిచారు, మొత్తం 222 కమానులు. ఆగస్టులో వెనిస్ లొంగిపోయింది. కాఫ్ఫికి దేశం విడవక తప్పలేదు. జెనోవా, తూరిన్, ఆపైన లండన్, పారిస్. 1858లో వెనిస్ తిరిగొచ్చాక ఆస్ట్రియా పోలీసులు మళ్ళీ అరెస్టు చేశారు.

కాబట్టి మీరు చూసింది దూరాన్నించి ఊహించుకున్న బొమ్మ కాదు. ఆ కోట పడిపోవడం ఆయన ఇంట్లో మనిషి పోయినంత సంగతి.

---

ఫిల్టర్_డికాక్షన్:

నాకు తెలిసింది ఒక్కటే, అది మాత్రం పక్కా. పాదువాలో పెద్రోక్కి అని పాత కాఫీ హోటలుంది. దాని పై అంతస్తులో ఒక్కో గది ఒక్కో కాలం తరహాలో అలంకరించారు. అందులో రోమన్ గది గోడల మీద రోమ్ దృశ్యాలు వేసింది ఈ కాఫ్ఫియే. పేరు కాఫ్ఫి, పని కాఫీ హోటల్లో. ఇంతకన్నా ఏం కావాలి?

---

ఉప్పునీళ్ళు:

మైక్రాన్ బాబూ, నేను 31 ఏళ్ళు సరుకు ఓడల్లో తిరిగి చీఫ్ ఆఫీసర్‌గా దిగినవాణ్ణి. ఏడ్రియాటిక్‌లో త్రియెస్తె, కోపర్, రియెకా నాకు బస్టాపుల్లాంటివి. మీ ప్రశ్నలో ఆ యుద్ధం జరిగిన దీవి పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. చార్టు మీద విస్ అని ఉంటుంది, ఇటలీవాళ్ళు లిస్సా అంటారు. ఇప్పుడది క్రొయేషియాది. నా వాచ్, అంటే కాపలా డ్యూటీ, నాలుగు నుంచి ఎనిమిది. తెల్లారేవేళ ఆ దీవి ముందు బూడిదరంగు ముద్దలా, తర్వాత ఊదాగా, ఆ తర్వాత మామూలు కొండలా కనిపించేది. అక్కడ ఒక చిత్రకారుడు మునిగిపోయాడని నాకు తెలిసింది ఉద్యోగం మానేశాక. తెలిసుంటే బైనాక్యులర్స్ ఇంకాసేపు పట్టుకునేవాణ్ణి.

ఎందుకెక్కాడు అంటారా. 1866లో జర్మన్ రాజ్యం ప్రష్యాతో కలిసి ఇటలీ ఆస్ట్రియా మీదికి వెళ్ళింది. గెలిస్తే వెనిస్ వస్తుంది, అదీ లెక్క. కానీ జూన్ 24న కుస్తోజా దగ్గర ఇటలీ సైన్యం దెబ్బతింది. జులై 3న ప్రష్యా మాత్రం ఆస్ట్రియాని చిత్తు చేసింది. ఇక ఇటలీకి పరువు దక్కాలంటే సముద్రం మీదే దక్కాలి. ఆంకోనా నుంచి నౌకాదళం బయల్దేరింది. కాఫ్ఫికి అది వేరేవాళ్ళ యుద్ధమా? 1849లో ఓడిపోవడం కళ్ళారా చూశాడు. ఈసారి గెలవడం చూసి బొమ్మ వేయాలనుకున్నాడు. నాకైతే ఇందులో పెద్ద చిక్కుప్రశ్నేం కనబడదు.

ఎక్కనిచ్చేవాళ్ళా అంటే, ఎక్కనిచ్చారు. ఆ ఓడ పేరు రె దిటాలియా, ఇటలీ రాజు అని అర్థం. అందులో బొజ్జో అనే పార్లమెంటు సభ్యుడు కూడా ఉన్నాడు. ఆయనకీ ఓడలో డ్యూటీ ఏమీ లేదు, ఆయనా పోయాడు. గెలుపు ఖాయం అనుకున్నచోట చూడ్డానికొచ్చేవాళ్ళు ఎక్కువ. ఇటలీకి ఇనుప కవచం ఉన్న ఓడలు 12, ఆస్ట్రియాకి 7. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఇక జులై 20. పొద్దున ముసురు పట్టి తర్వాత తెరిపిచ్చింది. ఆస్ట్రియా ఓడలు రావడం కనబడ్డాక, యుద్ధం మొదలవుతుందనగా, ఇటలీ అడ్మిరల్ పెర్సానో ఒక పని చేశాడు. తానున్న రె దిటాలియా దిగి అఫొందతోరె అనే ఇంకో ఓడకి మారాడు. మారిన సంగతి మిగతా ఓడల్లో చాలామందికి తెలియదు. వాళ్ళు పాత ఓడ వైపే చూస్తున్నారు సిగ్నల్ కోసం. పైగా ఆ మారే హడావిడిలో వరసలో సందు పడింది. ఆస్ట్రియావాళ్ళు ఆ సందులోకి దూరారు. ముప్పై ఏళ్ళు ఓడ నడిపే బ్రిడ్జి మీద నిలబడినవాడిగా చెప్తున్నా, ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. తర్వాత సెనేట్ ఆయన్ని విచారించి పదవి ఊడబీకింది. ఊడబీకితే పోయినవాళ్ళు వస్తారా?

మీ ఉద్యోగానికి సంబంధించిన ముక్క ఇక్కడుంది, జాగ్రత్తగా చదవండి. ఇటలీ ఓడలకి వేసింది బూడిదరంగు. ఆస్ట్రియావాటికి నలుపు. ఫిరంగుల పొగలో జెండా కనబడదు, పేరు కనబడదు. ఆస్ట్రియా అడ్మిరల్ తెగెతాఫ్ వ్యూహమే గుద్దడం. నల్లది మనది, బూడిదది వాళ్ళది, అదే గుర్తు. రె దిటాలియాకి ముందు చుక్కాని దెబ్బతింది. తిప్పుదామంటే తిరగదు, ముందుకో వెనక్కో తప్ప పోలేదు. ముందు ఆస్ట్రియా ఓడ అడ్డం కనబడింది, కెప్టెన్ వెనక్కి నడపమన్నాడు. వెనక్కి వెళ్ళాలంటే ముందు ఓడ ఆగాలి కదా. ఆ ఆగిన క్షణంలో తెగెతాఫ్ సొంత ఓడ ఎర్ట్‌జ్‌హెర్ట్‌సోగ్ ఫెర్డినాండ్ మాక్స్ వచ్చి ఎడమ పక్క ముక్కుతో పొడిచింది. రె దిటాలియాకి పైన ఇనుప పలకలు, లోపల ఒళ్ళంతా కర్రే. దెబ్బకి కుడివైపుకి ఒరిగింది. అవతలి ఓడ ముక్కు లాక్కుని వెనక్కి తగ్గగానే ఇది తిరిగి ఎడమకి, చిల్లు పడ్డ వైపుకి ఒరిగింది. అంతే, రెండు మూడు నిమిషాలు. లైఫ్‌బోటు దింపే టైమ్ కూడా కాదది. నేను డ్రిల్ పెట్టినప్పుడు మా కుర్రాళ్ళు అంతకన్నా ఎక్కువసేపు జాకెట్ తాళ్ళు కట్టుకునేవాళ్ళు. దాదాపు 400 మంది పోయారు.

ఆఖరి ప్రశ్న, ఈయన సముద్రాల చిత్రకారుడా అని. చిత్తరువు గారు కోప్పడకూడదు. నేను చూసిన బొమ్మల్లో ఆయన నీళ్ళు నీళ్ళు కావు, అద్దం. దీపం పెట్టుకోవడానికి, మంచు పరచుకోవడానికి ఒక పళ్ళెం. తప్పు ఆయనది కాదు, వెనిస్ లగూన్ అలాగే ఉంటుంది. ఉప్పుకయ్యలో అల ఎక్కడిది? ఎక్కడో ఒకచోట గట్టు, గోడ, గుమ్మటం ఉంటుంది. పెర్‌స్పెక్టివ్ పాఠాలు రాసినాయనకి కన్ను ఒకచోట నిలబడాలి. ఓడ డెక్కు మీద కన్ను నిలవదు. హొరైజనే పైకీ కిందకీ పోతుంటే గీత ఎక్కడ గీస్తాం? అందుకే నాకు ఒకటే కుతూహలం. బతికుంటే ఆ బొమ్మ ఎలా వేసేవాడు?

నిజం సముద్రం కావాలంటే ఎదుఆర్దో దె మార్తీనోని చూడండి. సొరెంతో దగ్గర మేతాలో 1838లో పుట్టాడు, చదివింది నౌకాదళం చదువు. నౌకాదళం వదిలేసి బ్రెజిల్‌లో ఉండిపోయాడు. అక్కడి చక్రవర్తి రెండో పెద్రో కోసం పరాగ్వే యుద్ధం బొమ్మలు వేశాడు. తర్వాత లండన్ వెళ్ళి విక్టోరియా రాణి కొలువులో సముద్ర చిత్రకారుడయ్యాడు. ఆయన తాళ్ళు చూస్తే ఏది లాగితే ఏ తెరచాప కదులుతుందో చెప్పొచ్చు. అలకి బరువుంటుంది. ఆయన నావికుడై ఉండి బ్రష్షు పట్టాడు, ఈయన బ్రష్షు పట్టి ఉండి ఓడెక్కాడు. మొదటాయనకి రాజుల కొలువు దొరికింది.

---

చిత్తరువు:

కోపం లేదు కానీ ఒప్పుకోను. కన్ను నిలవనిచోట వేయలేడు అంటే మరి బెలూన్ సంగతేంటి? 1847లో తొట్టెలో ఊగుతూ పైనుంచి చూసి వచ్చి వేశాడుగా. ఆ బొమ్మలో నేల కిందకి జారిపోయినట్టు ఉంటుంది, గట్టూ లేదు గోడా లేదు. ఈయన జీవితం చూస్తే ఎప్పుడూ నిలబడే చోటు వదిలేసి ఇంకో చోటుకి వెళ్ళి చూడాలన్న తపనే. ఓడ కూడా అలాంటిదే. అద్దం అన్న మాట మాత్రం బాగుంది, దొంగిలిస్తాను.

లిస్సా బొమ్మ చివరికి వేరేవాళ్ళు వేశారు. వాటిలో నాకు బాగా గుర్తుండేది ఆస్ట్రియా చిత్రకారుడు ఆంటోన్ రొమాకోది, వియన్నాలో బెల్వెడేర్ మ్యూజియంలో ఉంది. అందులో రె దిటాలియా కనబడనే కనబడదు. తెగెతాఫ్ పైన నిలబడి ఉంటాడు, కింద చక్రం పట్టుకున్న నావికులు ముందుకు వాలి ఉంటారు, ముఖాల్లో భయమో వెర్రో. గుద్దబోయే ఓడ మనం నిలబడ్డ వైపే ఉన్నట్టు లెక్క. కాఫ్ఫి గురించి తెలిశాక ఆ బొమ్మ ముందు నిలబడటం కాస్త కష్టమే.

మూడు నెలలు తిరిగేసరికి, అక్టోబరులో, వెనిస్ ఇటలీలో కలిసింది. ప్రష్యా గెలిచిన పుణ్యాన. ఆయన భార్య విర్జీనియా 1889లో 150కి పైగా బొమ్మలు వెనిస్ ఊరికి ఇచ్చేసింది. కా పెసారో మ్యూజియంలో ఉన్నది ఆ సొత్తే. 2016లో, ఆయన పోయి 150 ఏళ్ళయిన సందర్భంగా, కొర్రేర్ మ్యూజియంలో వాటినన్నిటినీ ఒకచోట పెట్టారు. మీ చేతికి దొరికిన క్యాటలాగు దానిదే అయ్యుంటుంది.

---

మెస్త్రే_మైక్రాన్:

ఇద్దరికీ చాలా థాంక్స్. క్యాటలాగు దానిదే, అట్ట మీద 2016 అని ఉంది.

ఉప్పునీళ్ళు గారూ, ఆ బూడిదరంగు ముక్క చదివాక నిన్న పని సాగలేదు. మా యార్డులో ఓడలు తెల్లవి, జనం షికార్లకెళ్ళేవి. కానీ తెలుపు వేసే ముందు కింద ప్రైమరు బూడిదరంగే. రెండో కోటు కింద పూర్తిగా కప్పబడాలి, ఎక్కడైనా బూడిద తొంగిచూస్తే నేను సుద్దతో చుడతాను. నిన్న చుట్టిన ప్రతి చోటా ఆగిపోయాను. ఫోర్‌మన్ వచ్చి ఏమైంది, వంట్లో బాలేదా అన్నాడు. 1866 అని చెప్తే ఏమనుకుంటాడు? తలనొప్పి అన్నా.

ఆదివారం క్యాటలాగులో ఆ పేజీ జిరాక్సు తీసుకుని కోటకి వెళ్ళాను. ఆయన ఎక్కడ నిలబడి చూసుంటాడో పట్టుకుందామని. పట్టుకోలేకపోయాను. అప్పట్లో లేని చెట్లు, రోడ్డు, అవతల నేను పనిచేసే యార్డు క్రేన్లు. రెండు మూడు చోట్ల కాగితం ఎత్తి పట్టుకుంటే ఒక పెద్దాయన దారి తప్పాననుకుని బస్టాపు ఎటో చూపించాడు. కందకంలో నీళ్ళు మాత్రం మీరన్నట్టే ఉన్నాయి, అద్దంలా. మే నెల రాత్రిపూట మళ్ళీ ఒకసారి వెళ్ళి చూడాలి.

వచ్చే వారం కా పెసారో. అక్కడ మంచు బొమ్మ గోడ మీద ఉంటే చిత్తరువు గారి తరఫున ఇంకో ఐదు నిమిషాలు నిలబడతా. పాదువా రైల్లో అరగంట లోపే, పెద్రోక్కి కూడా చూసొస్తా. డికాక్షన్ గారూ, పై గదులకి టికెట్టు ఉందా?

---

ఫిల్టర్_డికాక్షన్:

ఉంది. పైన మ్యూజియం చేశారు, ఇటలీ ఒక్కటైన పోరాటం మీదే. కింద కూర్చుని హోటలు పేరుతో ఉన్న కాఫీ అడగండి. పైన పుదీనా మీగడ, దాని మీద కోకో పొడి వేసి ఇస్తారు. చక్కెర వేయకూడదట, చెంచాతో కలపకూడదట. మీ గేజీ తీసుకెళ్ళి మీగడ ఎన్ని మైక్రాన్లుందో చెప్పండి.

---

ఉప్పునీళ్ళు:

బెలూన్ పాయింటు ఒప్పుకుంటున్నా, చిత్తరువు గారూ. సగం.